పద్దెనిమిదో ప్రశ్న

డాలస్ దగ్గర ఉండే నా స్నేహితుడొకడు పోయిన చలికాలంలో ఫోన్ చేశాడు. నాకు మధ్యాహ్నం కావస్తోంది, వాడికి అర్ధరాత్రి. "ఒరేయ్, ఒక ఫారం నింపుతున్నా. ఒక ప్రశ్న దగ్గర గంట నుంచి ఆగిపోయా" అన్నాడు. వీసా గొడవేమో అనుకున్నాను. కాదు. వాడు శనివారాలు విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. సెస్నా 172, నాలుగు సీట్ల చిన్న విమానం. ఉద్యోగం కోసం కాదు, ఉత్త సరదాకి. చిన్నప్పుడు మేమిద్దరం బేగంపేటలో గోడ పక్కన నిలబడి, దిగుతున్న విమానాల చక్రాలు లెక్కపెట్టేవాళ్ళం. నాకు ఆ పిచ్చి టెన్త్ క్లాసుతో వదిలింది. వాడికి వదల్లేదు.

అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సు కోసం నేర్చుకుంటూ ఇలాంటి విమానాన్ని ఒంటరిగా నడపాలంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. డాక్టర్ని కలిసేముందు ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపాలి. అందులో 18వ ప్రశ్న ఇది: మీ జీవితంలో ఎప్పుడైనా ఈ కిందివాటిలో ఏదైనా మీకు ఉందని తేలిందా, వచ్చిందా, ఇప్పుడు ఉందా? దానికింద పొడుగాటి జాబితా. తలనొప్పి, కళ్ళు తిరగడం, ఆస్తమా, గుండె, కిడ్నీలో రాళ్ళు, షుగరు. ఒక్కోదానికీ అవును, కాదు అని రెండు గడులు. మధ్యలో ఒక వరసలో డిప్రెషన్, ఆందోళన, ఇంకా ఏ రకమైన మానసిక రుగ్మతైనా అని ఉంటుంది.

2021లో వాడి నాన్నగారు కోవిడ్‌తో పోయారు. వాడు రాలేకపోయాడు. అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూశాడు. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు అక్కడి డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకున్నాడు. తేరుకున్నాక డాక్టరు చెప్పినట్టే మెల్లగా మానేశాడు. ఈ సంగతి వాళ్ళావిడకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలీదు, వాళ్ళమ్మగారికి కూడా.

"అవునంటే ఏమవుతుందో తెలీదు. కాదంటే అబద్ధం. ఏం చెయ్యమంటావ్?"

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు మనవాళ్ళు. విమానం విషయంలో అలాంటి సామెతేదీ నాకు తట్టలేదు. పైగా ఆ ఫారంలోనే హెచ్చరిక ఉంది: అబద్ధమాడితే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు. "రేపు మాట్లాడదాం" అని ఫోన్ పెట్టేసి, ఈ ప్రశ్న అసలు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ వెతుకులాటలోంచి వచ్చింది.

*

విమానాలు పుట్టిన కొత్తలో ఎగిరేవాడి ఒంటి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. 1910 ప్రాంతంలో ఐరోపాలో ఏరో క్లబ్బులు ఇచ్చే సర్టిఫికెట్ కావాలంటే గాల్లో ఎనిమిది అంకె గీసినట్టు తిరిగి, చెప్పినచోట దిగి చూపించాలి. అంతే. ఎగరగలిగితే ఎగరగలిగినట్టే. గుండె ఎలా కొట్టుకుంటోందన్నది వాడి సొంత వ్యవహారం.

మొదటి ప్రపంచయుద్ధం ఆ లెక్క మార్చింది. సైన్యానికి వేలమంది పైలట్లు కావలసి వచ్చారు. ఒక్కొక్కడి శిక్షణకీ బోలెడు ఖర్చు, కూలిపోతే విమానం కూడా పోతుంది. దాంతో ఎవణ్ణి తీసుకోవాలో ముందే తేల్చే పని డాక్టర్ల మీద పడింది. అయితే పైలట్ ఒంట్లో ఏముండాలో ఆ డాక్టర్లకీ తెలీదు. అందుకని కన్ను, చెవి, గుండె, నరాలు అన్నీ నిఖార్సుగా ఉండాలన్నారు.

ఆ జల్లెడలో పడి ఆగిపోయినవాళ్ళలో ఇంద్రలాల్ రాయ్ ఒకడు. 1898లో కలకత్తాలో పుట్టి, లండన్‌లో సెయింట్ పాల్స్ స్కూల్లో చదువుకున్నాడు. పద్దెనిమిదేళ్ళకి రాయల్ ఫ్లయింగ్ కోర్‌కి దరఖాస్తు పెడితే కంటిచూపు సరిగా లేదని తిప్పి పంపేశారు. అప్పుడు తన మోటార్‌సైకిల్ అమ్మేసి, ఆ డబ్బుతో పేరున్న కంటి స్పెషలిస్టు దగ్గరికెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించుకున్నాడని చెప్తారు. ఆ రెండో డాక్టరు చూపు బాగానే ఉందన్నాడు. 1917లో చేరాడు. ఆ ఏడాది చివర్లో విమానం కూలి గాయపడితే ఎగరడానికి పనికిరాడని మరోసారి రాశారు. బతిమాలుకుని మళ్ళీ వచ్చాడు. 1918 జూలైలో రెండు వారాల్లో పది శత్రు విమానాలు అతని ఖాతాలో పడ్డాయి. అదే నెల 22న ఫ్రాన్సులో కూలి చనిపోయాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు.

(ఆ ఏడాదే బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్ విమానాల మీద మన నిజాం పేరు రాసి ఉండేది. ఆ విమానాలకి డబ్బిచ్చింది ఆయనే. హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పిలిచేవారు దాన్ని. విమానాలు మన డబ్బుతో వెళ్ళాయి గానీ వాటిలో కూర్చునే అర్హత గురించి మనల్నెవరూ అడగలేదు.)

రాయ్ కథ చదివినప్పుడు నన్ను పట్టుకున్నది అతని ధైర్యం కాదు, ఆ మోటార్‌సైకిల్. ఒకే కన్ను. ఒక డాక్టరు పనికిరాదన్నాడు, ఇంకో డాక్టరు పనికొస్తుందన్నాడు. మధ్యలో ఉన్న తేడా ఒక బండి ఖరీదు. బండి లేని కుర్రాళ్ళ పేర్లు చరిత్రలో లేవు.

కంటి దగ్గర ఆగిపోవడం ఆ కాలంతో పోలేదు. బండ్ల శిరీష మన ఆంధ్రలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగింది. చూపు సరిపోక పైలట్‌గా వెళ్ళి వ్యోమగామి అయ్యే దారి మూసుకుపోతే ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివింది. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో పైకి వెళ్ళొచ్చింది.

*

చెవి కథ ఇంకా బాగుంటుంది.

వియన్నాలో రాబర్ట్ బారానీ అనే చెవి డాక్టరుండేవాడు. మన శరీరం నిలకడగా నిలబడటానికి లోపలి చెవి ఎలా సాయపడుతుందో కనిపెట్టినందుకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ వార్త అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. ఆయన పరీక్షలకి వాడిన గుండ్రంగా తిరిగే కుర్చీకి ఆయన పేరే స్థిరపడింది. అమెరికా సైన్యం పైలట్ల ఎంపికకి ఆ కుర్చీ తెచ్చింది. కుర్రాణ్ణి కూర్చోబెట్టి గిరగిరా తిప్పి, ఠక్కున ఆపి, కనుగుడ్లు ఎన్ని సెకన్లు కొట్టుకుంటాయో గడియారం పెట్టి చూసేవారు. లెక్కకి తగ్గినా హెచ్చినా ఇంటికి పంపడమే. ఎవరి చెవి బాగా పనిచేస్తే వాళ్ళకి మబ్బుల్లో కూడా పైనేదో కిందేదో తెలిసిపోతుందని వాళ్ళ నమ్మకం.

1926లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిసీ ఫీల్డ్ అనే సైనిక విమానాశ్రయంలో విలియమ్ ఓకర్ అనే పైలట్ మామూలు వైద్య పరీక్షకి వెళ్ళాడు. చాలా అనుభవమున్నవాడు. డేవిడ్ మైయర్స్ అనే డాక్టరు అతణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. తిప్పాడు. ఎటు తిరుగుతున్నావన్నాడు. ఓకర్ చెప్పాడు, సరిగ్గానే. మెల్లగా వేగం తగ్గించాడు. ఇప్పుడో? ఆగిపోయింది అన్నాడు ఓకర్. కుర్చీ ఇంకా తిరుగుతూనే ఉంది. నిజంగా ఆపాక అడిగితే ఎదురు దిక్కుకి తిరుగుతోందన్నాడు. కళ్ళు తెరిచి చూసుకుని కంగుతిన్నాడు.

ఓకర్ ఆ అవమానాన్ని దాచుకోలేదు. ఒక చిన్న పెట్టె చేసుకుని, అందులో విమానం ఎటు మలుపు తిరుగుతోందో చూపించే పరికరం, ఒక టార్చిలైటు పెట్టుకుని తిరిగొచ్చాడు. మళ్ళీ తిప్పమన్నాడు. పెట్టెలోకి చూస్తూ ప్రతిసారీ సరైన జవాబు చెప్పాడు. తన చెవి చెప్పేదాన్ని పక్కనపెట్టి ముల్లు చెప్పేదాన్ని నమ్మాడు. ఇవాళ మనమెక్కే ఏ విమానమైనా మబ్బుల్లోంచి, చీకట్లోంచి క్షేమంగా దిగుతోందంటే, పైలట్ తన ఒంటిని నమ్మకుండా పరికరాల్ని నమ్మడం నేర్చుకున్నందువల్లే. అలా ఎగరడాన్ని ఒక చదువుగా మార్చినవాళ్ళలో ఓకర్ ముందువరసలో ఉంటాడు. 1932లో కార్ల్ క్రేన్‌తో కలిసి దాని మీద పుస్తకం రాశాడు.

చూడండి, ఎంత చిత్రమో. మేలైన చెవి ఉన్నవాణ్ణి ఏరడానికి తెచ్చిన కుర్చీ చివరికి అలాంటి చెవి ఎవరికీ లేదని తేల్చింది. వైద్య పరీక్ష అంటే నా దృష్టిలో ఇదీ. ఒకణ్ణి గెంటెయ్యడం కాకుండా అందరి గురించీ ఒక నిజం చెప్పింది. ఆ నిజం తెలిశాక మనిషిని మార్చలేదు, విమానంలోకి ఒక పరికరం వచ్చింది.

ఓకర్ ఈ విషయం మీద పైవాళ్ళని ఎంత విసిగించాడంటే, మతి సరిగా ఉందో లేదో చూడమని అతణ్ణి రెండుసార్లు ఆసుపత్రికి పంపారని చెప్తారు. పద్దెనిమిదో ప్రశ్నకి అతనేం రాసేవాడో!

*

అదే 1926లో అమెరికాలో పౌర విమానయానానికి మొదటి చట్టం వచ్చింది. పైలట్లకి లైసెన్సు, లైసెన్సుకి వైద్య పరీక్ష. ఆ పరీక్ష ఎలా ఉండాలో తేల్చే పనికి లూయిస్ బావర్ అనే సైనిక డాక్టర్ని తీసుకున్నారు. 1927 ఫిబ్రవరికల్లా దేశం మొత్తానికీ 57 మంది డాక్టర్లని ఎంచాడాయన. పైలట్లని తరగతులుగా విడదీశారు. జీతానికి ప్రయాణికుల్ని మోసేవాళ్ళకి గట్టి నియమాలు, సొంతానికి ఎగిరేవాళ్ళకి కొంచెం సడలింపు. అసలు కొలతబద్ద మాత్రం సైన్యం నుంచి వచ్చిందే. యుద్ధానికి పంపే కుర్రాడి కోసం కోసిన చొక్కాని కొంచెం వదులు చేసి ఆదివారం సరదాగా ఎగిరే పెద్దమనిషికి తొడిగారన్నమాట.

అయితే ఆ తొలి రోజుల్లో ఒక మంచి సంగతుంది. నియమానికి సరిపోనివాణ్ణి మొహమ్మీద తలుపేసి పంపకుండా, ఎగిరి చూపించమని అడిగే వెసులుబాటు పెట్టారు. దానివల్లే మనకి వైలీ పోస్ట్ దక్కాడు. ఓక్లహోమా చమురు బావుల్లో పనిచేస్తుంటే 1926లో ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. పరిహారంగా వచ్చిన డబ్బుతో ఏకంగా పాత విమానం కొన్నాడు! ఒక్క కన్నుతో దూరం అంచనా కట్టడం కష్టం కదా. దారిలో చెట్టో స్తంభమో కనిపిస్తే ఎన్ని అడుగులుంటుందో అనుకుని, నడిచి కొలుచుకుని, అలా కంటికి తర్ఫీదిచ్చాడంటారు. పరీక్షగా కొన్ని వందల గంటలు ఎగిరి చూపించి లైసెన్సు తెచ్చుకున్నాడు. 1931లో హెరాల్డ్ గాటీతో కలిసి 8 రోజుల 15 గంటల 51 నిమిషాల్లో భూమిని చుట్టొచ్చాడు. 1933లో ఒక్కడే మళ్ళీ చుట్టాడు, 7 రోజుల 18 గంటల 49 నిమిషాల్లో. ప్రపంచంలో అలా ఒంటరిగా తిరిగొచ్చిన మొదటి పైలట్ ఒంటికన్నువాడు.

కన్ను లేకపోవడంలో ఒక సౌకర్యముంది. అది దాచలేం. పరీక్షించేవాడికీ పరీక్షకొచ్చినవాడికీ ఇద్దరికీ కనిపిస్తుంది. ఇద్దరూ కూర్చుని, సరే ఇప్పుడేం చేద్దాం అని మాట్లాడుకోవచ్చు. కంటికి కనబడని జబ్బుల దగ్గరికి వచ్చేసరికి ఈ సౌకర్యం పోయింది. డాక్టరు చూసి కనిపెట్టలేడు. నువ్వే చెప్పాలి. అక్కణ్ణుంచి పరీక్ష కాస్తా వాంగ్మూలం అయిపోయింది.

*

రెండో ప్రపంచయుద్ధం తర్వాత దేశాలన్నీ కలిసి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థని పెట్టుకున్నాయి. లైసెన్సుల గురించిన నియమాలు 1948లో వచ్చాయి. వాటి ప్రకారం ప్రైవేట్ పైలట్‌కి కావలసింది రెండో తరగతి సర్టిఫికెట్. మన దేశంలోనూ అంతే. అమెరికావాళ్ళు మాత్రం తమ పాత లెక్కలో దాన్నే మూడో తరగతి అంటారు. నలభై లోపు వాళ్ళకి అక్కడ ఐదేళ్ళు చెల్లుతుంది, ఆ పైన రెండేళ్ళు.

ఇంత కట్టుదిట్టం దేనికి? పైలట్‌కి గాల్లో గుండెపోటొస్తే? ఈ భయం న్యాయమైనదే. 1986 ఆగస్టు 31న కాలిఫోర్నియాలో సెరిటోస్ అనే ఊరి మీద ఒక చిన్న పైపర్ విమానం ఏరోమెక్సికో జెట్‌ని గుద్దుకుంది. రెండు విమానాల్లో 67 మంది, కింద ఇళ్ళల్లో 15 మంది పోయారు. చిన్న విమానం నడిపింది ఒక ప్రైవేట్ పైలట్. శవపరీక్షలో అతని గుండె రక్తనాళాలు బాగా పూడుకుపోయి ఉన్నాయని తేలింది. ఇంకేముంది, గుండెపోటొచ్చి స్పృహ తప్పి జెట్‌లోకి దూసుకెళ్ళాడని పేపర్లన్నీ రాసేశాయి. దర్యాప్తు పూర్తయ్యాక తేలింది వేరు. ప్రమాదానికి కారణం గుండె కాదు. అనుమతి లేకుండా అతను ఆ గగనతలంలోకి వచ్చాడు, ఇద్దరు పైలట్లూ ఒకరినొకరు చూసుకోలేదు, కంట్రోలర్ ఆ చిన్న విమానాన్ని గమనించలేదు. ఆ తర్వాత చేసిన మార్పులు కూడా ఓకర్ పెట్టెలాంటివే. రద్దీ గగనతలాల్లో చిన్న విమానాలు తమ ఎత్తు చెప్పే పరికరం పెట్టుకోవాలి, పెద్ద విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే యంత్రం పెట్టుకోవాలి.

గుండెపోటు అన్న మాట మాత్రం జనం మనసులో ఉండిపోయింది. ప్రైవేట్ విమానాలు కూలేది ఎక్కువగా చెడు వాతావరణంలోకి వెళ్ళడం వల్ల, ఇంధనం చూసుకోకపోవడం వల్ల, దిగేటప్పుడు చేసే పొరపాట్ల వల్ల. పైలట్ ఉన్నట్టుండి జబ్బుపడి కూలినవి చాలా తక్కువ. పరీక్షలున్నాయి కాబట్టే తక్కువ అని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన కొట్టిపారెయ్యలేను. కానీ పక్కనే కారు సంగతి చూడండి. మన దగ్గర డ్రైవింగ్ లైసెన్సుకి ఫారం 1 అని ఒకటుంటుంది. మూర్ఛలొస్తాయా, ఎరుపూ ఆకుపచ్చా గుర్తుపట్టగలరా అని మనల్నే అడిగి మన చేతే సంతకం పెట్టించుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నూట ఇరవైలో పోయేవాళ్ళలో ఎంతమంది అది చదివి సంతకం పెట్టారంటారు? నేనైతే చదవలేదు. ఏజెంటు వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టాను.

*

వాంగ్మూలం సంగతికొస్తే, నేను మా వాడికి మొదట చెప్పింది స్టాన్‌మోర్ కూపర్ కథ. ఇది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కాబట్టి వివరాలన్నీ తీర్పులోనే ఉన్నాయి.

కూపర్‌కి 1964లో ప్రైవేట్ పైలట్ లైసెన్సొచ్చింది. 1985లో హెచ్ఐవీ ఉందని తెలిసింది. ఆ రోజుల్లో హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు కాదు. అతనే ఎగరడం మానేశాడు. 1994లో మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నాడు, జబ్బు సంగతి రాయకుండా. వచ్చింది. ఆ తర్వాత 1998, 2000, 2002, 2004లో అలాగే రెన్యూ చేయించుకుంటూ పోయాడు. మధ్యలో 1995లో జబ్బు ముదిరి పనిచెయ్యలేకపోతే, ప్రభుత్వమే ఇచ్చే వైకల్య భృతికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్కడ మాత్రం నిజం రాశాడు. ఒక ఏడాదిపాటు భృతి వచ్చింది.

ఒకే ప్రభుత్వం, రెండు కిటికీలు. ఒక కిటికీలో నిజం చెబితే డబ్బిస్తారు, ఇంకో కిటికీలో నిజం చెబితే రెక్కలు విరిచేస్తారు. మనిషన్నవాడు ఏం చేస్తాడో అదే చేశాడు.

2002లో ఆ రెండు కిటికీల వెనకవాళ్ళు మాట్లాడుకున్నారు. ఆపరేషన్ సేఫ్ పైలట్ అని పేరు పెట్టి, ఉత్తర కాలిఫోర్నియాలో నలభై వేలకు పైగా పైలట్ల పేర్లు తీసుకుని వైకల్య భృతి జాబితాతో పోల్చి చూశారు. చివరికి సుమారు నలభై మంది మీద కేసులు పెట్టారు. కూపర్ ఒకడు. లైసెన్సు రద్దయింది. నేరం ఒప్పుకున్నాడు. రెండేళ్ళ ప్రొబేషన్, వెయ్యి డాలర్ల జరిమానా.

ఇక్కడితో అయిపోలేదు. తన వైద్య రహస్యాన్ని ఒక శాఖ ఇంకో శాఖకి చట్టవిరుద్ధంగా ఇచ్చిందని కూపర్ దావా వేశాడు. హెచ్ఐవీ సంగతీ, తను స్వలింగ సంపర్కుడన్న సంగతీ బయటపడి ఎంతో క్షోభపడ్డానన్నాడు. కింది కోర్టు, చట్టం ఉల్లంఘించిన మాట నిజమేనంది. 2012 మార్చిలో సుప్రీంకోర్టు 5-3 తేడాతో తేల్చింది: ఆ చట్టం ప్రకారం పరిహారం కావాలంటే డబ్బు నష్టం చూపించాలి, మనోవేదనకి పరిహారం లేదు. రహస్యం బయటపడితే మొదట తగిలేది మనోవేదనే కదా, చట్టం ఉన్నది అందుకే కదా అని సోటోమయోర్ అనే న్యాయమూర్తి తీర్పుతో విభేదించారు.

తీర్పులో వాక్యంన్నర మాత్రమే పట్టిన ఒక చిన్న విషయం నన్ను వదల్లేదు. ఈ గొడవంతా జరిగాక విమానయాన శాఖ కూపర్ వైద్య రికార్డులు తెప్పించి చూసి, అతనికి లైసెన్సూ మెడికల్ సర్టిఫికెట్టూ మళ్ళీ ఇచ్చింది. అప్పటికి మందులొచ్చాయి, నియమాలు మారాయి. అంటే అతని ఒళ్ళు ఎగరడానికి పనికొస్తుంది. పనికిరానిది అతని జవాబు.

*

ఇదంతా చెప్పాక మావాడు, "నాది హెచ్ఐవీ కాదు కదరా, ఏడు నెలల మాత్రలు" అన్నాడు.

2010 ఏప్రిల్ దాకా అమెరికాలో డిప్రెషన్ మాత్ర ఏది వేసుకున్నా పైలట్ ఎగరడానికి వీల్లేదు. జబ్బుంటే కాదు, మందు వేసుకుంటే. దీని అర్థమేమిటో ఆలోచించండి. దిగులు ముసిరి మందు వేసుకోనివాడు ఎగరొచ్చు, డాక్టర్ దగ్గరికెళ్ళి మందు వేసుకుని కోలుకున్నవాడు ఎగరకూడదు. ఆ నెలలో నాలుగు రకాల మందుల్ని ఒప్పుకున్నారు, ఏడాదిపాటు నిలకడగా ఉన్నట్టు చూపిస్తే. అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి, ఆరు నెలల గడువిచ్చి, ఇన్నాళ్ళూ దాచినవాళ్ళు ఇప్పుడు చెబితే చర్య తీసుకోమన్నారు. దాచినవాళ్ళున్నారని శాఖకి తెలుసు. ఎందుకు దాచారో కూడా తెలుసు.

తర్వాత ఐదేళ్ళకి, 2015 మార్చి 24న, జర్మన్‌వింగ్స్ కో-పైలట్ ఆల్ప్స్ పర్వతాల్లోకి విమానాన్ని కావాలని దింపేశాడు. 150 మంది పోయారు. అతనికి లోగడ డిప్రెషన్ వచ్చిందని శాఖల రికార్డుల్లో ఉంది. మళ్ళీ వచ్చినప్పుడు డాక్టర్ల దగ్గరికెళ్ళాడు, వాళ్ళు పనికి వెళ్ళొద్దని కాయితాలు రాసిచ్చారు. అతను ఆ కాయితాలు కంపెనీకి చూపించలేదు. ఉద్యోగం, లైసెన్సు పోతాయన్న భయం ఎలా పనిచేసిందో ఫ్రెంచి దర్యాప్తు నివేదిక వివరంగా రాసింది. ఆ ఘటనని చూపించి ప్రశ్నలు ఇంకా గట్టిగా అడగాలన్నవాళ్ళున్నారు. అదే ఘటనని చూపించి, ఎంత గట్టిగా అడిగితే అంత లోతుకి దాస్తారన్నవాళ్ళూ ఉన్నారు. నేను రెండోవాళ్ళ వైపు. అలాగని ఆ విమానంలో నావాళ్ళెవరైనా ఉండి ఉంటే ఇంత నింపాదిగా ఈ మాట రాయగలిగేవాణ్ణా అంటే, చెప్పలేను.

మన దేశంలో 2022లో ఇలాంటిదే ఇంకో మలుపు. కేరళకి చెందిన ఆడమ్ హ్యారీ అనే ట్రాన్స్ పైలట్‌కి హార్మోన్ చికిత్స కారణంగా మెడికల్ దొరకలేదు. అతని పోరాటం వార్తల్లోకి వచ్చాక, ఆ ఆగస్టులో మన విమానయాన శాఖ ట్రాన్స్ అభ్యర్థుల కోసం మార్గదర్శకాలిచ్చింది. హ్యారీ ఏదీ దాచలేదు. దాచకపోవడానికి అతను చెల్లించింది కొన్నేళ్ళ కాలం.

*

సరదాకి ఎగిరేవాళ్ళ మీద ఇంత బరువక్కర్లేదని ఈమధ్య కొన్ని దేశాలు ఒప్పుకుంటున్నాయి. బ్రిటన్‌లో 2016 నుంచి చాలామంది ప్రైవేట్ పైలట్లు నేను బాగానే ఉన్నానని సొంతంగా ప్రకటిస్తే చాలు. అమెరికాలో గ్లైడర్లకి ఎప్పుడూ సర్టిఫికెట్ అడగలేదు. 2004లో రెండు సీట్ల తేలికపాటి విమానాలకి డ్రైవింగ్ లైసెన్సే చాలన్నారు. 2017 మే నుంచి ఇంకొంచెం పెద్దవాటికి కూడా మామూలు ఫ్యామిలీ డాక్టరు నాలుగేళ్ళకోసారి చూస్తే సరిపోతుంది.

అయితే 2004 నియమంలో ఒక మెలిక ఉంది. అసలెప్పుడూ మెడికల్‌కి దరఖాస్తు పెట్టనివాడు డ్రైవింగ్ లైసెన్సు మీద తేలిక విమానం నడుపుకోవచ్చు. దరఖాస్తు పెట్టి తిరస్కరణ తెచ్చుకున్నవాడు నడపకూడదు. ఒంట్లో జబ్బు ఇద్దరికీ ఒకటే కావచ్చు. అడిగినవాడికి ఆ తలుపు కూడా మూసుకుపోతుంది. 2017 నియమంలో ఇంకో మెలిక. ఫ్యామిలీ డాక్టరు దారిలో వెళ్ళాలన్నా అంతకుముందు ఒక్కసారైనా అసలు సర్టిఫికెట్ తెచ్చుకుని ఉండాలి. అంటే ఎటు తిరిగొచ్చినా మొదటిసారి పద్దెనిమిదో ప్రశ్న దాటాల్సిందే.

మావాడు ఇవన్నీ ఒక కాయితం మీద బాణాలు గీసుకుని పెట్టుకున్నాడు. అవును అని రాస్తే డాక్టరు అక్కడికక్కడ ఇచ్చెయ్యొచ్చు, లేదా పాత రికార్డులు, ఉత్తరాలు, ఇంకో పరీక్ష అంటూ నెలలు పట్టొచ్చు. తిరస్కరిస్తే తేలిక విమానం కూడా పోతుంది. కాదు అని రాస్తే కూపర్. ఏమీ రాయకుండా వదిలేస్తే తేలిక విమానం మిగులుతుంది గానీ, వాడికి వాళ్ళావిడనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకోవాలనుంది. రెండు సీట్లలో నలుగురు పట్టరు.

"అబద్ధం రాయను," అన్నాడు చివరికి. "నాన్న పోయినందుకు ఏడిస్తే అది రోగమని రాయాల్సి రావడం కూడా నాకు నచ్చట్లేదు."

ఫారం ఇంకా పంపలేదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నంతకాలం మెడికల్ అక్కర్లేదు కాబట్టి శనివారాల పాఠాలు నడుస్తున్నాయి. మొన్న లాగ్‌బుక్ ఫొటో పంపాడు. నలభై రెండు గంటలయ్యాయి. ఈపాటికి చాలామంది ఒంటరిగా ఎగిరేస్తారట. వాడి పుస్తకంలో సోలో అని రాసున్న నిలువు గడులు పైనుంచి కిందిదాకా ఖాళీగా ఉన్నాయి.